ఆప్తవాక్యము: జపాను దేశమున వర్తకుల రేడియో



నేడు నేను విన్నవింపబోవు విషయము దూరదేశమునకు సంబంధించినది. అయినను దానిని మా ఊరి చెఱువు గట్టుమీదనుండియే ఆరంభించెదను.

నా చిన్ననాట మా గ్రామమున పంచాయతి కచేరి అరుగుమీద ఒక రేడియో పెట్టె యుండెడిది. ప్రొద్దు గ్రుంకగానే ఊరివారు అచ్చట చేరి ఢిల్లీ సంగతులును, దేశాంతరముల సంగతులును వినెడివారు. ఒక శ్రావణమాసమున నాలుగు దినములు ఎడతెగక వాన కురిసెను. నాలవనాటి నడిరేయి ఎవ్వరో వీధివెంట పరుగెత్తుచు ఎగువ చెఱువు తెగినదని కేక వేసిరి. ఆ కేక విన్నవారు తామును కేక వేసిరి. పిల్లలను చంకను వేసికొని, పశువుల పలుపులు కోసివేసి, ఊరెల్ల కోవెల దిబ్బమీదికి పరువిడెను. ఆ చీకటిలో మా యింటి ప్రక్కనున్న ముసలమ్మ కాలు జాఱి పడి తుంటి విఱుగగొట్టుకొనెను. ఆమె మఱల లేచి నడువలేదు. ఆఱు నెలలు మంచము పట్టి కడతేరెను. తెల్లవాఱి చూడగా చెఱువు కట్ట చెక్కు చెదరక యున్నది. అరుగుమీది రేడియో యథాప్రకారముగా ఢిల్లీ సంగతులు చెప్పుచున్నది.

మన తార్కికులు శబ్దమును ప్రమాణములలో నొకటిగా అంగీకరించిరి. అయితే ఎవ్వరు పలికినను ఆ పలుకు ప్రమాణము కాదు. ఉన్నది ఉన్నట్లు ఎఱిగి, ఎఱిగినది ఎఱిగినట్లు పలుకువాడే ఆప్తుడు. వాని మాటయే ప్రమాణము. ఆ రాత్రి మా ఊరికి అట్టి ఆప్తుడు లేకపోయెను. కేక వేసినవాడు ఊరివాడే కాని యథార్థము నెఱుగడు. రేడియోకు దేశమంతయు తెలియును కాని మా చెఱువు తెలియదు. ఒక ఊరికి ఆప్తమైన నోరు ఎట్లు కలుగును? ఆ నోటిని ఎవ్వరు పోషింపవలెను? రాజా? ప్రజయా? వర్తకుడా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో జపాను దేశము మిక్కిలి పెద్ద వెల చెల్లించినది. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగము.

జపాను భూకంపములకును తుపానులకును ఆటపట్టయిన దేశము. 1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని, పగలు పండ్రెండు గంటలకు రెండు నిమిషములు ఉన్నదనగా, టోక్యో, యోకోహామా నగరముల ప్రాంతమున మహాభూకంపము సంభవించెను. పొయ్యిలలో నిప్పు రగులుచున్న వంటవేళ యగుటచేత కొయ్య యిండ్లు అంటుకొని రెండు నగరములను దహించెను. లక్షమందికి పైగా మరణించిరి. తంతి తీగలు తెగెను. పత్రికా కార్యాలయములు పెక్కులు కాలిపోయెను. జనులు వినదగిన రేడియో ఆనాటికి ఆ దేశమున లేదు.

వార్త చెప్పు నోరు మూతపడినచోట వదంతి నోరు తెఱచును. కూలి పనులకై వచ్చియున్న కొరియా దేశస్థులు నూతులలో విషము కలుపుచున్నారనియు, ఇండ్లకు నిప్పు పెట్టుచున్నారనియు కల్లమాట పుట్టెను. వీధివీధిని జనులు కఱ్ఱలును కత్తులును చేతబట్టి బాటసారులను నిలిపి పరీక్షించిరి. పలుకుబడిలో యాస కనబడినవారిని కొరియావారని యెంచి చంపిరి. సైనికులును పోలీసులును సైతము ఈ ఘోరములో పాల్గొనిరి. హతులైనవారు వేలమంది యని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. ఇంతకంటె విచారకరమైన సంగతి మఱియొకటి కలదు. సెప్టెంబరు 3వ తేదీని ప్రభుత్వపు హోం శాఖవారే ఆ వదంతిని నిజముగా గైకొని, ఫునబాషి యనుచోట నున్న నావికాదళపు నిస్తంత్రి కేంద్రము ద్వారా దేశమందలి అధికారులకు తంతి పంపిరి. తీగ లేకయే సముద్రములు దాటి వార్త మోయగల మహాయంత్రము ఆనాడు కల్లమాటను మోసెను. యంత్రము తనంతట ఆప్తము కానేరదు. దాని వెనుక నిలిచిన మనుష్యుడు ఆప్తుడు కావలెను.

ఆ విపత్తు తరువాత రేడియో యొక్క ఆవశ్యకత అందఱకును తెలిసివచ్చెను. పత్రికలవారును, యంత్రములు చేయువారును, వర్తకులును ఎందఱో అనుమతి కోరిరి. ప్రభుత్వము వారి కీయక, లాభాపేక్ష లేని సంఘములకే ఇచ్చెదమనెను. 1925 మార్చి 22వ తేదీని టోక్యోనుండి తొలి ప్రసారము వెలువడెను. అదే సంవత్సరమున ఒసాకా, నగోయా నగరములనుండియు ప్రసారములు మొదలయ్యెను. 1926లో ఈ మూడింటిని కలిపి జపాను ప్రసార సంఘమను నొక్క సంస్థగా చేసిరి. దానిని ఎన్.హెచ్.కె. అందురు. రేడియో పెట్టె గల గృహస్థులు చెల్లించు రుసుముతో అది నడిచెను. రూకలు ప్రజలవి, కళ్ళెము మాత్రము ప్రభుత్వమువారి చేత నుండెను. ఇట్లు ఇంచుమించు ఇరువదియైదు సంవత్సరములు జపాను దేశమునకు ఒక్కటే నోరు.

ఒక్కటే నోరుండుట మేలుకదా, కలహము లేదుకదా యని కొందఱనవచ్చును. దాని ఫలము చూడుడు. 1941 డిసెంబరు 8వ తేదీని యుద్ధ ప్రారంభమును ఆ రేడియోయే దేశమునకు చాటెను. ఆనాటినుండియే రేడియోలో వాతావరణ సూచనలు నిలిచిపోయెను. గాలి యెటు వీచునో, మబ్బు ఎక్కడ క్రమ్మునో శత్రువునకు తెలియరాదని పాలకుల తలంపు. శత్రువునకు తెలియకుండుట యెట్లున్నను, స్వజనులకు తెలియకుండెను. 1942 ఆగస్టు నెల చివర పశ్చిమ జపానును గొప్ప తుపాను కొట్టెను. అది ఎంత బలముతో, ఏ త్రోవను వచ్చుచున్నదో వివరముగా చెప్పువారు లేరు. సముద్రము గట్టులు దాటి యూళ్ళమీద పడెను. వేయిమందికి పైగా మడిసిరి.

1944 డిసెంబరు 7వ తేదీని నగోయా ప్రాంతమున భూకంపము వచ్చి కర్మాగారములు కూలెను. చదువులు మానిపించి పనికి పెట్టిన విద్యార్థులును వానిక్రింద నలిగిపోయిరి. మృతులు అప్పుడును వేయికి మించిరి. మఱునాటి పత్రికలలో చక్రవర్తి చిత్రము పెద్దదిగాను, భూకంప వార్త లోపలి పుటలో కొలది పంక్తులుగాను వెలువడెను. కలిగిన నష్టమును యథాతథముగా పలుకుట అందఱకును నిషిద్ధము. నెలదినములు దాటిన పిదప, 1945 జనవరి 13వ తేదీని, ఆ సీమలోనే మికావా ప్రాంతమున మఱియొక భూకంపము వచ్చి రెండువేలమందికి పైగా పొట్టబెట్టుకొనెను. మొదటిదానిని దాచినట్లే దానిని గూడ దాచిరి. 1923లో నోరు లేక జనులు చెడిరి. ఇప్పుడు నోరుండియు చెడిరి.

తుదకు 1945 ఆగస్టు 15వ తేదీని మధ్యాహ్నము యుద్ధము ముగిసినదని చక్రవర్తి పలికిన మాటలను రేడియో వినిపించెను. ముందు రాత్రి పళ్ళెముపై ముద్రించియుంచిన పలుకులవి. సామాన్య ప్రజలు తమ చక్రవర్తి కంఠము వినుట అదియే మొదలు. ఇచ్చట నావంటి గ్రాంథిక భాషాభిమాని తలవంచుకొనవలసిన మాట యొకటి చెప్పవలెను. ఆ ప్రకటన యొక్క భాష ప్రాచీన రాజాస్థానపు భాష. యంత్రపు గరగర ధ్వనితో గూడిన ఆ ప్రౌఢవాక్యములు పెక్కుమందికి అర్థము కాలేదు. గెలిచితిమో ఓడితిమో తెలియక ప్రక్కవానిని అడిగినవారు గలరు. పిమ్మట అనౌన్సరు దానిని మఱల చదివి, వివరణము వినిపింపవలసివచ్చెను. ఆప్తుని మాట యథార్థమైన చాలదు. వినువానికి తెలియునదియు కావలెను. వాతావరణ సూచనలు ఆ తరువాత ఒక వారమునకు, ఆగస్టు 22వ తేదీని, రేడియోలో మఱల వినవచ్చెను.

ఇక వర్తకుల రేడియో సంగతికి వచ్చెదను. యుద్ధానంతరమున మిత్రరాజ్యముల ఆధిపత్యము క్రింద నున్న జపానులో 1950 జూన్ 1వ తేదీని క్రొత్త రేడియో చట్టములు అమలులోనికి వచ్చెను. వానివలన రెండు విధములైన రేడియోలు ఏర్పడెను. ప్రజల రుసుముతో నడుచు జపాను ప్రసార సంఘము యథాప్రకారముగా నుండెను. దాని ప్రక్కను, రుసుము తీసికొనక, వర్తకుల ప్రకటనలవలన వచ్చు సొమ్ముతో నడుచు ప్రైవేటు రేడియోలకును త్రోవ యేర్పడెను. 1951 ఏప్రిల్ 21వ తేదీని దేశమంతటను 16 సంస్థలకు ముందస్తు అనుమతి లభించెను.

ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీని ప్రాతఃకాలమున ఆఱున్నర గంటలకు నగోయా నగరమునుండి చూబు నిప్పాన్ ప్రసార సంస్థ తొలిపలుకు పలికెను. అదే దినము మధ్యాహ్నమున ఒసాకానుండి మఱియొక సంస్థ పలికెను. ఇరువదియెనిమిది సంవత్సరముల క్రిందట టోక్యో తగులబడినది ఈ తేదీనే. ఏడేండ్ల క్రిందట భూకంపమును దాచియుంచినది ఈ నగోయా సీమలోనే. కాకతాళీయమే యైనను శ్రోతలు గుర్తుంచుకొనదగిన సంగతులివి. టోక్యోలో ప్రైవేటు ప్రసారము అదే సంవత్సరము డిసెంబరు 25వ తేదీని మొదలయ్యెను. 1952 ఏప్రిల్ 1వ తేదీని కోబే యను రేవుపట్టణమున రేడియో కోబే యనునది వెలసెను. ఈ చివరి పేరును జ్ఞాపకముంచుకొనుడు. దానితో పని యున్నది.

ఈ రేడియో బ్రదుకుతెరువు ఎట్టిదో వివరించెదను. సంతలో అంగడివాడు స్థలమును అద్దెకు తీసికొన్నట్లు, వర్తకుడు రేడియోలో కొంత కాలమును కొనును. గడియారముల సంస్థ యొక్కటి గంట కొట్టు సమయమును కొని, వేళ చెప్పుచు తన పేరును చెప్పించుకొనెను. తొలిదినములలో వచ్చిన ప్రకటనలలో అది యొకటి. ఆ సొమ్ముతో రేడియోవారు పాటలు, నాటకములు, వార్తలు సమకూర్తురు. వినువాడు రూక యీయ నక్కఱలేదు. ఇట్టి పద్ధతి మన దేశమునకు క్రొత్త కాదు. 1927లో బొంబాయి, కలకత్తాలలో ఒక ప్రైవేటు సంస్థ రేడియో నడిపి, ఆదాయము చాలక 1930లో మూతపడెను. పిమ్మట ప్రభుత్వమే ఆ పని చేపట్టెను. వివిధభారతిలో 1967 నవంబరు నుండి వ్యాపార ప్రకటనలు వచ్చుచుండుట మీ రెఱిగినదే.

సరకు అమ్ముకొనువాని సొమ్ము తిను నోరు సత్యము పలుకునా యను సందేహము జపాను పెద్దలకును కలిగెను. సందేహము న్యాయమైనదే. ఎవని అన్నము తినిన వాని పాట పాడుదురు. అందుచే చట్టము వారికి కొన్ని నియమములు విధించెను. వార్తలందు యథార్థమును వక్రింపరాదు. రాజకీయములలో ఒక పక్షమునకే ఒరగరాదు. వివాదము గల విషయమును పెక్కు కోణములనుండి చూపవలెను. చట్టమునకు తోడుగా మఱియొక కళ్ళెము వినువాని చేతిలోనే యున్నది. రెండు మూడు నోళ్ళున్నచోట ఒకటి బొంకినచో వాడు మర త్రిప్పి వేఱొకటి వినును. ఒక్కటే నోరున్న కాలమున ఈ స్వాతంత్ర్యము లేదు.

వర్తకుల రేడియో పుణ్యాత్మురాలని నేను చెప్పబోను. విసుగు పుట్టించు అమ్మకపు పాటలును, చవుకబారు హాస్యములును దానిలో ఎన్నియో కలవు. అయినను ఉపాధ్యాయుడనగుటచే ఒక మేలు మాత్రము చెప్పక మానలేను. 1952లో టోక్యోలో వెలసిన బుంకా హోసో యను రేడియోలో, విద్యార్థుల పుస్తకములు ప్రకటించు ఒబుంషా సంస్థ తన ఖర్చుతో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలకు పాఠములు చెప్పించుట ఆరంభించెను. 1954లో హ్రస్వతరంగములపై దేశమంతటికిని వినబడు ప్రైవేటు రేడియో యొకటి వెలసి, ఆ పాఠములను దూరసీమలకును చేర్చెను. పట్టణములలో సొమ్ము పోసి ప్రత్యేక పాఠశాలలలో చదువుకొనజాలని కొండ పల్లెల పిల్లలు రాత్రివేళ రేడియో ప్రక్కను పుస్తకము విప్పుకొని పెద్ద అధ్యాపకుల పాఠములు వినిరి. ఈ పాఠములు 1995 వఱకు, అనగా నలుబది సంవత్సరములకు పైగా సాగెను. పుస్తకముల వర్తకుడు తన పుస్తకములు అమ్ముడగుటకే ఆ పని చేసియుండవచ్చును. బావి త్రవ్వించినవాడు కీర్తికై త్రవ్వించినను నీరు తియ్యగనే యుండునుగదా.

1953లో టెలివిజన్ వచ్చెను. వర్తకుల సొమ్ము క్రమముగా బొమ్మల వైపు మఱలెను. రేడియో యొక్క పని యైపోయినదనిరి. కాని రెండు కారణములచేత అది నిలిచెను. మొదటిది, 1955 నుండి జపానులోనే తయారైన ట్రాన్సిస్టరు రేడియోలు. రెండవది, 1959 సెప్టెంబరు 26వ తేదీని నగోయాను ముంచిన ఇసె అఖాతపు తుపాను. ఆ రాత్రి అయిదువేలమంది పోయిరి. తుపాను సూచనలు ముందే వెలువడియున్నను, గాలికి విద్యుత్తు పోగానే గోడకు తగిలించిన రేడియోలు మూగవయ్యెను. సరిగా వినవలసిన గడియలో వినబడలేదు. అప్పటినుండి బ్యాటరీతో పలుకు చిన్న రేడియో ప్రతియింటను ఉండవలెనను మాట ఆ దేశమున స్థిరపడెను.

ఇంటిల్లిపాది టెలివిజన్ ముందు చేరగా, రేడియో ఒంటరివానికి తోడయ్యెను. రాత్రివేళ లారీ నడుపువాడు, తెల్లవాఱుజామున రొట్టెలు కాల్చువాడు, అర్ధరాత్రి చదువుకొను విద్యార్థి దాని శ్రోతలైరి. 1967లో టోక్యో ప్రైవేటు రేడియో యొకటి ఆల్ నైట్ నిప్పాన్ అను పేర తెల్లవార్లు సాగు కార్యక్రమమును ఆరంభించెను. వినువారు జాబులు వ్రాయుదురు. చదువువారు పేరు పెట్టి పలుకరించుచు బదులు చెప్పుదురు. ఇది కాలక్షేపమే. అయినను ఈ కాలక్షేపమున నొక గొప్ప పని జరిగెను. వినువాడు ఆ కంఠమును ఎఱిగినవాని కంఠముగా భావింప నేర్చెను. పలుకువాడు తన యెదుట ఒక్క మనుష్యుడు కూర్చున్నట్లు పలుక నేర్చెను. ఆప్తత యనునది ఒక్కనాట పుట్టదు. అక్కఱ లేని దినములలో ఏర్పడిన పరిచయమే అక్కఱ దినమున ఆప్తతయగును.

అట్టి దినము కోబే నగరమునకు 1995 జనవరి 17వ తేదీని వచ్చెను. తెల్లవాఱుజామున 5 గంటల 46 నిమిషములకు, జనులు ఇంకను పడకలలో నుండగా, భూమి కంపించెను. ఇండ్లు కూలెను, ఎత్తుమీది రాజమార్గము ప్రక్కకు ఒరిగి పడెను, నగతా అను పేటలో నిప్పు చెలరేగెను. నీరు లేదు, దీపము లేదు, టెలిఫోను పలుకదు. ఆ విపత్తులో మరణించినవారు 6,434 మంది యని లెక్క తేలినది.

1952లో వెలసెనని చెప్పిన రేడియో కోబే, పిమ్మట రేడియో కాన్సాయి యను పేరు దాల్చి, ఆనాటికి ఏ.ఎం. కోబే యని పిలువబడుచుండెను. దాని భవనము సుమా అను పేటలో నుండెను. భూకంపముచే ఆ భవనమును మిక్కిలి దెబ్బతినెను, ప్రసారము ఆగెను. అయినను ఇంచుమించు పావుగంటలోనే ఆ కంఠము మఱల వినబడెను. అప్పటినుండి 69 గంటలు, అనగా మూడు రాత్రులు మూడు పగళ్ళు, ఒక్క వ్యాపార ప్రకటనయైనను లేక ఆ రేడియో పలుకుచునే యుండెను. ప్రకటనలే దాని జీవనాధారమని మనవిచేసితిని. ఆధారము విడిచి అది పలికినది. దుకాణము తెఱచి, ధాన్యపు గాదె ఊరికి వదలిన కోమటివలె.

ఏమి పలికినదనునది ముఖ్యము. ప్రక్కనున్న ఒసాకా యందలి పెద్ద రేడియోలును, టోక్యో టెలివిజన్లును కోబేను గూర్చి లోకమునకు చెప్పుచుండెను. ఎంతమంది పోయిరి, మంట ఎంత ఎత్తు లేచెను, మంత్రి యేమనెను అని వినిపించెను. లోకమునకు అది కావలసినదే. కాని శిథిలముల నడుమ చలిలో కూర్చుండినవానికి ఆ లెక్కలతో నేమి పని? వానికి కావలసినది వేఱు. నీరు ఏ వీధిలో ఇచ్చుచున్నారు? ఏ వైద్యశాల తలుపు తెఱచియున్నది? ఏ పాఠశాలలో తలదాచుకొనవచ్చును? మా చెల్లెలు బ్రదికియున్నదా? ఏ.ఎం. కోబే ఈ ప్రశ్నలకు బదులు చెప్పెను. ఉద్యోగులు కూలిన వీధులగుండ కార్యాలయమునకు వచ్చుచు త్రోవలో తాము కన్నదానిని చెప్పిరి. శ్రోతలు ఎట్లో టెలిఫోను దొరకించుకొని పంపిన సమాచారములను అనౌన్సర్లు చదివిరి. ఫలానా వీధి ఫలానావారు క్షేమము, ఫలానా పాఠశాలలో నున్నారు, బంధువులు దిగులుపడవలదు. ఇట్టి మాటలు గంటలకొలది చదివిరి. పరదేశీయునకు విసుగు పుట్టించు ఆ పేర్ల పట్టిక ఊరివానికి వేదమంత్రమువంటిది. పెద్ద రేడియో కోబేను గూర్చి పలికెను. చిన్న రేడియో కోబేతో పలికెను. ఈ రెంటికి గల భేదమే నేడు నేను చెప్పదలచినదంతయు.

ఈ సందర్భమున మఱియొక చిన్న వృత్తాంతము చెప్పక ముగింపజాలను. నగతా పేటలో కొరియా సంతతివారును, వియత్నాము దేశస్థులును ఎక్కువగా నివసింతురు. 1923 నాటి జ్ఞాపకము కొరియావారి గృహములలో చల్లాఱలేదు. మఱల భూకంపము వచ్చెను, మఱల ఏ వదంతి పుట్టునో యను భయము వారికుండుట సహజము. వారు భయపడుచు ఊరకుండలేదు. జనవరి 30వ తేదీనాటికే ఒక చిన్న ప్రసార యంత్రము నెలకొల్పి, కొరియా భాషలోను జపాను భాషలోను పలుకసాగిరి. దానికి ఎఫ్.ఎం. యొబొసెయో యని పేరు. టెలిఫోనులో మనము హలో యన్నట్లు కొరియావారు పలుకు పిలుపు అది. కొలది వారములకు ఆ పేటలోని తకతొరి యను క్రైస్తవ దేవాలయపు ఆవరణనుండి వియత్నాము మున్నగు భాషలలో పలుకు మఱియొకటి వెలసెను. రెండును కలిసి, 1996 జనవరి 17వ తేదీని, సరిగా ఏడాది నిండిననాడు, ప్రభుత్వానుమతి పొందిన పేట రేడియో యయ్యెను. ఇరువది సంవత్సరములు గాలిలో ప్రసారము చేసి, 2016 నుండి ఇంటర్నెట్టు ద్వారా పలుకుచున్నది. డెబ్బది రెండేండ్లకు ముందు పలుకుబడిలో యాస కనబడిన ప్రాణము తీసిరి. కోబేలో ఆ యాసయే రేడియోలో పలికి ప్రక్కయింటివారికి నీటి కుళాయి జాడ చెప్పెను.

ఇప్పటి స్థితి యేమందురా? 2010 నుండి జపాను ప్రైవేటు రేడియోలను ఇంటర్నెట్టులోను వినవచ్చును. వర్తకుల సొమ్ము మఱింత తగ్గెను. పాత మధ్యతరంగముల గోపురములను మఱల నిర్మించుటకు పెద్ద వ్యయమగునని, 2024 ఫిబ్రవరి మొదలుకొని 13 ప్రైవేటు సంస్థలు కొన్ని స్థలములందు వానిని ప్రయోగార్థము నిలిపి చూచెను. ఎఫ్.ఎం. తరంగములతో సరిపెట్టుకొందమని వారి తలంపు. లెక్క చూచిన అది న్యాయముగనే కనబడును. కాని ఎఫ్.ఎం. తరంగము కొండచాటునకు సులభముగ పోదు; ఇంటర్నెట్టు విద్యుత్తు లేనిదే నడువదు. కొండచాటు పల్లెలో బ్యాటరీ రేడియో పెట్టుకొని కూర్చున్న ముసలివానికి ఆ కంఠము రేపు వినబడునా యని అచ్చటి పెద్దలు అడుగుచున్నారు. వర్తకుని యందు ఈ బలహీనత ఎల్లప్పుడు నుండును. లాభము లేనిచోట వాడు నిలువలేడు. అందుచేతనే వర్తకుని నోరొక్కటే చాలునని నేను చెప్పను. ప్రజల రుసుముతో నడుచు నోరును దాని ప్రక్కను ఉండవలెను. రాజు దాచినది వర్తకుడు చెప్పును. వర్తకుడు విడిచినది ప్రజల రేడియో పట్టుకొనును. ఒక్కటే నోరున్న ఊరు, అది యెవ్వరి నోరైనను, ప్రమాదములోనే యున్నది.

పెద్దలారా! మన యూళ్ళలో నేడు పంచాయతి అరుగుమీది రేడియో లేదు. దాని బదులు ప్రతివాని చేతిలోను మాట్లాడు యంత్రము కలదు. నాడు చెఱువు తెగినదని కేక వేసినవాడు ఒక్కడు. నేడు అదే కేకను ఒక్క నిమిషములో నూఱు గ్రామములకు పంపగలరు. యంత్రము మాఱినది, ప్రశ్న మాఱలేదు. ఈ మాట చెప్పువాడు ఎవడు? చూచి చెప్పుచున్నాడా, విని చెప్పుచున్నాడా? అబద్ధమైనచో రేపు మన యెదుట నిలిచి బదులు చెప్పవలసినవాడేనా? ఈ మూడును అడిగినగాని పలుపులు కోయరాదు.

అడుగుటతో మాత్రము పని తీఱదు. వానకాలము రాకముందే, చెఱువు గట్టుమీద చూచి చెప్పువాడెవ్వడో, వాని మాటను ఊరికి చేర్చువాడెవ్వడో పదిమంది కూర్చుండి ఏర్పఱచుకొనవలెను. కోబేవారి రేడియో ఆ ఉదయమున పుట్టినది కాదు; నలుబది మూడేండ్లు సబ్బులును గడియారములును అమ్ముకొనుచు, పాటలు పాడుకొనుచు ఆ ఊరివారితో పరిచయము పెంచుకొనినది. మా ప్రక్కయింటి ముసలమ్మ పడిన రాత్రి మాకు అట్టి కంఠమొకటి ఉన్నచో, చెఱువు నిలిచియున్నది, పడుకొనుడు అని ఒక్క మాట చెప్పియుండును. ఆ ఒక్క మాట విలువ ఆమె కుటుంబము ఎఱుగును.